ట్యూన్ తర్వాత జారుతున్న క్లచ్: ఏది వేయాలి?

మీ టర్బో కారును ట్యూన్ చేయించాక (ఇంజిన్ శక్తి పెంచాక) నాలుగో గేర్‌లో బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) రాగానే ఆర్‌పీఎం ఎగిరి, వేగం మాత్రం పెరగడం లేదన్నారు; సిరామిక్ పక్ డిస్క్ వేయొచ్చా అని అడిగారు. ట్యూన్ చేశాక పెరిగిన టార్క్‌ను (ఇంజిన్ తిప్పే బలాన్ని) పాత క్లచ్ మోయలేకపోతోంది.

1. హార్స్‌పవర్ చూసి క్లచ్ కొనకండి. చాలామంది తప్పేది ఇక్కడే. క్లచ్‌ను జార్చేది టార్క్. టర్బో ఇంజిన్‌లో అది మధ్య ఆర్‌పీఎంలోనే గరిష్ఠానికి చేరుతుంది. మీ ఇంజిన్ టార్క్ 350 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు) అయితే 420–450 ఎన్ఎం మోసే క్లచ్ తీసుకోండి. మరీ ఎక్కువైతే పెడల్ బరువెక్కి ట్రాఫిక్‌లో కాలు నొప్పి.

2. మీరడిగిన సిరామిక్ పక్ డిస్క్ (గుండ్రటి పట్టీకి బదులు విడివిడి సిరామిక్ ముక్కలుండే క్లచ్ ప్లేట్) రోజూ తిరిగే బండికి వద్దు, కదిలేటప్పుడు కుదుపుతుంది. స్ప్రింగులున్న ఆర్గానిక్ డిస్క్ (మామూలు కార్లలో వాడే మెత్తటి రాపిడి పదార్థంతో చేసినది) చాలు.

3. ఫ్లైవీల్ (క్లచ్ అతుక్కునే, ఇంజిన్‌తో తిరిగే బరువైన చక్రం) స్టీల్‌దే తీసుకోండి. మరీ తేలికైతే ఐడిల్‌లో గేర్‌బాక్స్ గలగలమంటుంది.

4. గేర్‌బాక్స్ దింపినప్పుడే రియర్ మెయిన్ సీల్ (ఇంజిన్ వెనుక వైపు ఆయిల్ కారకుండా ఆపేది) చూడండి. ఆయిల్ క్లచ్ మీదికి కారితే కొత్త క్లచ్ కూడా జారుతుంది.

కొత్త క్లచ్ వేశాక మొదటి 800 కిలోమీటర్లు ఫుల్ బూస్ట్ వద్దు.