మారియట్ పాయింట్లను ఎయిర్‌లైన్ మైల్స్‌గా మార్చుకోవచ్చా?

మీరు అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. చేస్ బ్యాంకు వారి మారియట్ బౌండ్‌లెస్ క్రెడిట్ కార్డు మీద పోగైన 1,30,000 హోటల్ పాయింట్లను మైల్స్‌గా (విమానం టికెట్లకు పనికొచ్చే ఎయిర్‌లైన్ పాయింట్లుగా) మార్చి, అమ్మానాన్నలను డాలస్ రప్పించుకోవడానికి వాడొచ్చా అన్నది ఒకటి. ఇకమీదట ఇంటి ఖర్చంతా అదే కార్డు మీద పెట్టి మైల్స్ కూడబెడితే ఎలా ఉంటుంది అన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు, చూసుకుని చేస్తే సరే. రెండోదానికి మాత్రం వద్దనే చెప్తాను.

రెండోది ముందు తేల్చేద్దాం. మారియట్ హోటళ్ల పాయింట్ల పథకం బాన్‌వాయ్‌లో 3 పాయింట్లకు 1 మైలు ఇస్తారు. ఒకే విడతలో 60,000 మారిస్తే 20,000 మైల్స్‌కు తోడు 5,000 బోనస్ కలుస్తుంది. ఈ కార్డు మీద మామూలు ఖర్చులకు డాలర్‌కు 2 పాయింట్లు కాబట్టి, ఆ 60,000 రావాలంటే 30,000 డాలర్లు గీకాలి. అంతా చేస్తే చేతికొచ్చేది 25,000 మైల్స్. డాలర్‌కు ఒక మైలు ఇచ్చే ఏ మామూలు ఎయిర్‌లైన్ కార్డు వాడినా 30,000 వచ్చేవి. 2 శాతం క్యాష్‌బ్యాక్ కార్డయితే 600 డాలర్లు నేరుగా జేబులో పడేవి. ఇక ఈ దారిలో మైల్స్ సంపాదించడం దేనికి? డెల్టా, అమెరికన్ లాంటి కొన్ని ఎయిర్‌లైన్స్‌కైతే ఆ 5,000 బోనస్ కూడా లేదు. మిగతా హోటళ్ల సంగతి ఇంకా ఘోరం. హిల్టన్ పాయింట్లు 10,000 ఇస్తే చాలా ఎయిర్‌లైన్స్‌లో వచ్చేది 1,000 మైల్స్. ఐహెచ్‌జీలో 10,000కు 2,000. హయత్ లెక్క కాస్త నయమే కానీ, ఆ పాయింట్లకు గదుల్లోనే మంచి విలువ ఉంటుంది, వాటిని మైల్స్ చేయడానికి మనసొప్పదు.

అలాంటప్పుడు మనవాళ్లు ఇంతమంది ఈ ప్రశ్న ఎందుకు అడుగుతారంటే, నాకు తోచిన కారణం ఒకటుంది. సోమవారం ఎక్కి గురువారం దిగే కన్సల్టింగ్ ఉద్యోగాల్లో క్లయింట్ ఖర్చు మీద హోటల్ పాయింట్లు గుట్టలుగా పడతాయి. సెలవు దొరికితే మాత్రం వెళ్లేది ఇండియాకే. అక్కడ ట్యాంక్‌బండ్ పక్కన మారియట్‌లో దిగుతామంటే పెద్దమ్మ, మేనత్త ఊరుకుంటారా? "ఇంత ఇల్లు పెట్టుకుని మీరు హోటల్లో ఉంటారా?" అని ఆర్నెల్లు మాట్లాడరు. పాయింట్లు అలాగే మిగిలిపోతాయి, ప్రతి ఏటా కావలసింది మాత్రం విమానం టికెట్లు. మా ఇంట్లోనూ అదే పరిస్థితి.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఉన్న పాయింట్లు ఎలాగూ ఉన్నాయి కాబట్టి, మార్చదలిస్తే ముందు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వైపు చూడండి. మారియట్‌కూ యునైటెడ్‌కూ మధ్య ఒప్పందం ఉంది. దానివల్ల 60,000 పాయింట్లకు 5,000 బదులు 10,000 బోనస్ వస్తుంది, అంటే మొత్తం 30,000 మైల్స్. రెండు పాయింట్లకు ఒక మైలు పడినట్టు. బాన్‌వాయ్ నుంచి ఇంతకంటే మంచి మారకం నేను చూడలేదు. పైగా యునైటెడ్ మైల్స్‌తో లుఫ్తాన్సా, ఎయిర్ ఇండియా లాంటి స్టార్ అలయన్స్ (యునైటెడ్ ఉన్న ఎయిర్‌లైన్స్ కూటమి) విమానాలు కూడా బుక్ చేసుకోవచ్చు, ఇంధన సర్‌చార్జి పేరుతో అదనంగా వసూలు చేయరు. లుఫ్తాన్సాకు 2024 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్-హైదరాబాద్ నేరుగా ఉంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ మైల్స్‌తో అదే కంపెనీ విమానం ఎక్కితే మైల్స్ పోగా సర్‌చార్జీ కూడా బాగానే కట్టాలి.

మా అమ్మ తిరుగు ప్రయాణానికి నేను చేసింది ఇదే. నా ఖాతాలో 60,000 నిండలేదు. బాన్‌వాయ్‌లో ఒకరి పాయింట్లు ఇంకొకరికి ఏడాదికి లక్ష వరకు పంపుకోవచ్చు, రుసుము లేదు. మా ఆవిడ దగ్గర ఉన్నవి కలిపి 60,000 చేసి యునైటెడ్‌కు పంపాను. ఇలా కలపకుండా విడివిడిగా చెరో 30,000 మార్చి ఉంటే ఆ 10,000 బోనస్ వచ్చేది కాదు. అక్కడ అంతకుముందే కొన్ని మైల్స్ ఉండబట్టి టికెట్‌కు సరిపోయాయి. హోటల్ పాయింట్లు బాగా పనికొచ్చేది ఇలా కొద్దిలో తగ్గినప్పుడే. అమ్మ పేరు మీద ఖాతా తెరవనక్కర్లేదు, మన మైల్స్‌తో ఎవరికైనా టికెట్ తీయొచ్చు.

తిరుగు ప్రయాణానికే ఎందుకంటే, అమ్మానాన్నలు వచ్చే తేదీ ఖాయంగా ఉంటుంది, వెళ్లే తేదీ ఉండదు. మధ్యలో ఏ మేనమామ కూతురి పెళ్లో కుదురుతుంది, లేదా మోకాళ్ల డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరుకుతుంది. డబ్బు పెట్టి ఒక వైపు టికెట్ కొంటే అది రానూపోనూ ధరలో సగానికి బాగా మించిపోతుంది. మైల్స్‌లో ఆ బాధ లేదు, వన్ వే అంటే వన్ వేనే. యునైటెడ్‌లో బయల్దేరక ముందే రద్దు చేసుకుంటే మైల్స్ ఖాతాలోకి తిరిగొస్తాయి. వచ్చేవి యునైటెడ్ మైల్స్‌గానే వస్తాయి, మారియట్ పాయింట్లుగా కాదు.

అందుకే సీటు కనబడకముందే మార్చకండి. యునైటెడ్ సైట్‌లో లాగిన్ అయి మైల్స్ పెట్టి వెతికితే ఏ తేదీకి ఎన్ని అడుగుతున్నారో తెలుస్తుంది. ధర రోజుకో రకంగా ఉంటుంది, వేసవి సెలవుల్లో, డిసెంబర్‌లో చుక్కలు చూపిస్తారు. నగదు ధరలోంచి పన్నులు తీసేసి, మిగిలినదాన్ని మైల్స్‌తో భాగించండి. ఉదాహరణకు 900 డాలర్ల టికెట్‌కు 45,000 మైల్స్, 50 డాలర్ల పన్ను అడిగితే, మైలుకు దాదాపు 1.9 సెంట్లు వచ్చినట్టు. అదే టికెట్ 600కే దొరుకుతుంటే 1.2 సెంట్లు. మారియట్ పాయింట్‌ను హోటల్లో వాడితే ఇంచుమించు 0.7 సెంటు విలువ వస్తుందని నా లెక్క, కాబట్టి రెండు పాయింట్లు పెట్టిన మైలుకు కనీసం 1.4 సెంట్లయినా రావాలి. అంతకన్నా తక్కువైతే డబ్బులిచ్చి కొనుక్కోవడమే మేలు.

మార్చాక మైల్స్ పడటానికి నాకు కొన్ని రోజులు పట్టింది. ఈలోగా చూసిపెట్టుకున్న తేదీ పోయింది. మూడు తేదీలు అనుకుని ఉన్నాం కాబట్టి టెన్షన్ లేకుండా ఇంకోటి దొరికింది.

ఇంకో విషయం, పేరు. మారియట్ ఖాతాలోని పేరు, ఎయిర్‌లైన్ ఖాతాలోని పేరు ఒకటే ఉండాలి. మనవాళ్లలో ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట చివర, ఇంకోచోట పొడి అక్షరం మాత్రమే ఉండటం మామూలే. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఖాళీగా ఉండి వీసాలో ఎఫ్‌ఎన్‌యు (మొదటి పేరు తెలియదు అని) పడినవాళ్లయితే మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. మార్చకముందే రెండు ఖాతాలు పక్కపక్కన తెరిచి అక్షరం అక్షరం పోల్చుకోండి. కార్డుతో వచ్చే ఫ్రీ నైట్ సర్టిఫికెట్లు మాత్రం మైల్స్‌గా మారవు, వాటిని లెక్కలో వేసుకోకండి.

ఇండియాలో ఉన్న మీ తమ్ముడికి కూడా మారియట్ కార్డు తీయించమంటారా అని అడిగారు. హెచ్‌డీఎఫ్‌సీ వారి మారియట్ కార్డు మీద మామూలు ఖర్చుకు 150 రూపాయలకు 2 పాయింట్లు. బోనస్ లేని మారకంలో ఒక్కో మైలుకు 225 రూపాయలు ఖర్చు పెట్టాలి. ఏటా వచ్చే ఉచిత రాత్రి కోసం, లాంజ్‌ల కోసం తీసుకుంటే తీసుకోమనండి, మైల్స్ కోసమైతే అక్కర్లేదు.

మీ 1,30,000లో రెండు విడతల 60,000 మారిస్తే 60,000 యునైటెడ్ మైల్స్ వస్తాయి. మిగిలిన 10,000 మార్చకండి, బోనస్ లేకుండా మూడు వేల చిల్లర మాత్రమే వస్తుంది. 60,000తో ఇద్దరికీ రానూపోనూ కుదరదు, తేదీని బట్టి ఇద్దరికి ఒక వైపు కూడా చాలకపోవచ్చు. వెతికేటప్పుడు మొదటినుంచీ ఇద్దరు ప్రయాణికులని పెట్టండి, ఒక్క సీటే చవగ్గా ఉండి రెండోది లేకపోవడం తరచూ జరుగుతుంది. అప్పుడు ఒకరికి మైల్స్‌తో, ఒకరికి డబ్బుతో అదే విమానంలో తీయొచ్చు. బుకింగ్ నంబర్లు వేరు కాబట్టి ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి రెండూ కలిసి ప్రయాణిస్తున్నవాళ్లవని రాయించండి, వీల్‌చైర్ కావాలంటే ఇద్దరికీ విడిగా అడగండి. మీ యునైటెడ్ ఖాతాలో ఇప్పటికే ఎన్ని మైల్స్ ఉన్నాయో రాయలేదు. అది చెబితే ఒక విడత చాలా, రెండూ కావాలా అన్నది లెక్క వేసి చెప్తాను.