45 రోజుల జీబ్రాఫిష్‌లలో ఎల్‌హెచ్‌బీ రీడింగ్‌లు ఒక్కో చేపకు ఒక్కోలా వస్తుంటే

ఎల్‌హెచ్‌బీ అంటే పిట్యూటరీలో (మెదడు అడుగున ఉండే గ్రంథి) ఎల్‌హెచ్ అనే పునరుత్పత్తి హార్మోన్ తయారీకి కావలసిన జన్యువు; రీడింగ్ అంటే అది ఎంత చురుగ్గా ఉందన్న కొలత. లోపం మీ ప్రైమర్లలో (ఆ జన్యువును పట్టి కొలవడానికి వాడే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఉందనుకోను. ఒకే తొట్టి, ఒకే వయసు కదా అని ఆడచేపలన్నిటినీ ఒకే గ్రూపులో వేశారు, చిక్కంతా అక్కడే. జీబ్రాఫిష్ ఆడచేప ఈడేరడం రోజుల లెక్కకంటే ఒంటి సైజును బట్టే ఎక్కువ. పొడవు సుమారు 1.8 సెం.మీ., బరువు 100 మి.గ్రా. దగ్గరికి వచ్చాకే మొదలవుతుంది. మేత బాగా అందిన చేప ఈ గీతను ముందు దాటేస్తుంది, దాని తోడబుట్టింది వెనకబడుతుంది.

1. పిట్యూటరీ తీసేముందే ప్రతి చేపనూ కొలిచి, తూచి, నంబరు వేయండి.

2. అదే చేప అండాశయాన్ని మైక్రోస్కోపు కింద చూడండి. దాదాపు అందరూ వదిలేసేది ఇదే. అండకణాలన్నీ చిన్నగా, పారదర్శకంగా ఉంటే ఇంకా ఈడేరలేదు. కొన్నిటి లోపల అంచు వెంట చిన్న బుడగల వరుస (కార్టికల్ ఆల్వియోలై) కనిపిస్తే మొదలైనట్టే. పొడవు, బరువు సరిహద్దులో ఉన్న చేపకు తీర్పు చెప్పేది ఈ బుడగలే.

3. ఈడేరినవి, ఈడేరనివి, ఈ రెండు రకాల చేపల పిట్యూటరీలనూ ఒకే ట్యూబులో కలపొద్దు.

4. ఎఫ్‌ఎస్‌హెచ్‌బీ (ఎఫ్‌ఎస్‌హెచ్ అనే మరో పునరుత్పత్తి హార్మోన్ జన్యువు) కొలత కూడా పెట్టండి. అది ముందునుంచే ఉంటుంది, ఎల్‌హెచ్‌బీ ఈ దశలోనే గట్టిగా పెరుగుతుంది.

కిస్1 (క్షీరదాల్లో ఈడేరడాన్ని మొదలెట్టే కిస్‌పెప్టిన్ జన్యువు) తేడా చూపలేదని టెన్షన్ వద్దు. కిస్1, దాని జత జన్యువు కిస్2 రెండూ తీసేసిన జీబ్రాఫిష్‌లు కూడా మామూలుగానే సంతానోత్పత్తి చేశాయి.