మా అమ్మాయి ఏఐ వద్దు, సర్వర్లే కావాలంటోంది. ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి సీఎస్ఈ మూడో సంవత్సరం. మా తోడల్లుడి కొడుకు సీఎస్ఈలోనే ఏఐ-ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్) బ్రాంచి. వాడికి అప్పుడే రెండు సర్టిఫికెట్లు వచ్చాయి. ఇక ముందు ప్యాకేజీలన్నీ ఏఐ వాళ్లకేనని వాళ్ల నాన్న ఏ ఫంక్షన్‌కి వెళ్లినా చెబుతుంటాడు. మా అమ్మాయిని కూడా అమీర్‌పేటలో ఏఐ కోర్సులో చేర్పిద్దామని అడ్వాన్సు కట్టాను. తనేమో వద్దంటోంది. ఒకేసారి లక్షల మంది అడిగితే సర్వర్లు ఎలా జవాబివ్వాలి అన్నదే నేర్చుకుంటానంటోంది. అది కంప్యూటర్లు బాగుచేసే పని కాదా? నైట్ డ్యూటీలు కూడా ఉంటాయట. ఏఐ వచ్చాక ఆ పని మిగులుతుందా? రెండింటినీ పోల్చి చెప్పగలరు.

జవాబు: మీ ఉత్తరంలో మీ అమ్మాయి గురించి కంటే మీ తోడల్లుడి కొడుకు గురించే ఎక్కువ ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. బ్రాంచి పేరు మారుతుంది, బంధువు మారతాడు. లోపల ఉన్న ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒక్కటే: మా పిల్ల వెనకబడిపోతుందా? దానికే ముందు జవాబు చెబుతాను. వెనకబడదు. మీరడిగిన పోలిక తర్వాత చూద్దాం.

అసలు మీ అమ్మాయి నేర్చుకుంటానంటున్నది ఏమిటో మీకెవరూ చెప్పినట్టు లేదు. ఆమె ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు గుర్తు తెచ్చుకోండి. హాల్‌టికెట్ నంబరు కొట్టాక తెరమీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. మీరు రిఫ్రెష్ కొడతారు, పక్క ఫోన్లో ఆమె తల్లి కొడుతుంది, హైదరాబాదు నుంచి మేనమామ కొడతాడు. కొట్టిన ప్రతిసారీ సర్వరుకు, అంటే ఫలితాలు పంపే కంప్యూటరుకు, కొత్త రిక్వెస్టు. పాతదానికి జవాబు తయారవుతూ ఉండగానే కొత్తది వెళ్లి వెనక నిలబడుతుంది. సర్వరు మీద ఉన్న బరువులో కొంత, ఆగలేక మనమే పెంచేది. దీన్ని తట్టుకోవడానికి సర్వర్లు ఎక్కువ పెడతారు, వచ్చిన రిక్వెస్టులను వాటికి పంచడానికి ముందు లోడ్ బ్యాలెన్సర్ ఉంచుతారు. ఫలితాలు ఒకసారి ప్రకటించాక గంటగంటకూ మారేవి కావు కాబట్టి ప్రతిసారీ డేటాబేస్ దాకా వెళ్లకుండా కాపీని దగ్గర్లోనే పెట్టుకుంటారు, అదే క్యాష్. వినడానికి ఇంతే. చేయడం మొదలుపెడితే ఒక జీవితానికి సరిపడా పని ఉంది.

ఇంకో ఉదాహరణ చెబుతాను, ఇది మీ జేబుకు సంబంధించింది. 2025 ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ చెల్లింపులు గంటల తరబడి మొరాయించాయి. కారణమేమిటో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ తర్వాత చెప్పింది. ఒక లావాదేవీ పూర్తయిందా లేదా అని కనుక్కునే రిక్వెస్టులను కొన్ని బ్యాంకులు పాతవాటికి కూడా మళ్లీ మళ్లీ పంపాయి. డబ్బు పంపే రిక్వెస్టుల కన్నా, 'డబ్బు చేరిందా?' అని అడిగే రిక్వెస్టులే వ్యవస్థను ముంచాయన్నమాట. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి ఒక యాప్‌లో రోజుకు 50 సార్లకు మించి బ్యాలెన్స్ చూడకూడదన్న పరిమితి వచ్చింది. ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. నెలకు 1,000 కోట్ల లావాదేవీలను 2023 ఆగస్టులోనే దాటిన వ్యవస్థలో, ఎవరు ఎన్నిసార్లు అడగవచ్చో నిర్ణయించడం చిన్న పనేమీ కాదు.

ఈ పనిలో ఉన్న తెలివి ఎక్కడుందో చెప్పాలంటే తిరుమలే గుర్తొస్తుంది. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో భక్తులను కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టి విడతలవారీగా వదులుతారు. అందరినీ ఒకేసారి మహాద్వారం దగ్గరికి వదిలితే ఎవరికీ దర్శనం కాదు. 300 రూపాయల టికెట్లు విడుదలయ్యే పూట టీటీడీ వెబ్‌సైటు కూడా అదే చేస్తుంది, వర్చువల్ క్యూలో ఉంచి ఆగమంటుంది. విసుగొస్తుంది, నిజమే. కానీ ఆపకపోతే సైటే పడిపోతుంది. ఎవరిని ఆపాలి, ఎంతసేపు ఆపాలి, జవాబు రాకపోతే ఎంత ఎడం ఇచ్చి మళ్లీ అడగాలి, ఒకే చెల్లింపు రిక్వెస్టు పొరపాటున రెండుసార్లు చేరినా ఖాతాలోంచి ఒక్కసారే కోత పడేలా ఎలా చూడాలి. మీ అమ్మాయికి నచ్చినవి ఈ ప్రశ్నలు. ఇరవై ఏళ్ల పిల్లకు ఇవి నచ్చాయంటే మీరు సంతోషించాలి.

కాబట్టి 'కంప్యూటర్లు బాగుచేసే పని' కాదు. అయితే ఇక్కడ రెండు దారులు కలిసిపోయి కనిపిస్తాయి, మీ అమ్మాయికి కూడా తేడా స్పష్టంగా ఉందో లేదో అడగండి. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపి కాపాడే రౌటర్లు, స్విచ్‌లు, ఫైర్‌వాల్‌ల పని ఒకటి. సిస్కో కంపెనీ ఇచ్చే సీసీఎన్ఏ లాంటి సర్టిఫికెట్లు అటువైపు పనికొస్తాయి, మొదటి ఉద్యోగం చాలామందికి షిఫ్టుల్లోనే ఉంటుంది. రెండోది బ్యాకెండ్ వైపు. సర్వరులో నడిచే ప్రోగ్రాములు రాయడం, రిక్వెస్టులు ఎక్కడ ఆగిపోతున్నాయో వెతకడం, బరువు పెరిగినా తట్టుకునేలా కట్టడం. మీరు రాసినదాన్ని బట్టి ఆమె మనసు రెండోదాని మీదే ఉంది.

ఇక ఏఐ సంగతి. ఏఐ బూటకమని నేననను. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ ఇష్టంగా చేసే పిల్లలు ఎంటెక్, పీహెచ్‌డీ దాకా వెళ్తామంటే నేనే ప్రోత్సహిస్తాను. నాకున్న అనుమానమంతా ఆ పేరు మీద అమ్ముడవుతున్నదాని గురించే. చాలా కాలేజీల్లో ఏఐ-ఎంఎల్ బ్రాంచికీ మామూలు సీఎస్ఈకీ మొదటి రెండేళ్లు పెద్ద తేడా ఉండదు. తర్వాత తేడా వచ్చే ఆ కొద్ది సబ్జెక్టులనూ బాగా చెప్పగలిగే అధ్యాపకులు అందరికీ దొరకడం లేదు. సీట్లు పెరిగినంత వేగంగా పాఠం చెప్పేవాళ్లు తయారు కారు కదా. కోచింగ్ సెంటర్ల కోర్సులైతే ఇంకా పలచన. ఎవరో రాసి పెట్టిన కోడు లైబ్రరీని వాడుకోవడం, ఎవరో ఇచ్చిన డేటాతో ఒక ఏఐ మోడల్ నడపడం, చివర్లో ఒక సర్టిఫికెట్. ఇంటర్వ్యూలో 'ఈ మోడల్ ఇక్కడ ఎందుకు తప్పింది?' అని అడిగితే ఆ సర్టిఫికెట్ జవాబు చెప్పదు. ఫ్రెషర్లకు 'ఏఐ ఇంజినీర్' అని పేరు పెట్టి ఇస్తున్న ఉద్యోగాల్లో చాలావాటిలో చేసే పనేమిటో కూడా చూడండి. ఎక్కడో ఉన్న మోడల్‌కు నెట్‌వర్క్ ద్వారా రిక్వెస్టు పంపాలి, జవాబు ఆలస్యమైతే ఏం చేయాలో రాయాలి, 'ఎక్కువసార్లు అడిగారు' అన్న 429 ఎర్రర్ వస్తే ఆగి మళ్లీ పంపాలి. అంటే మీ అమ్మాయి నేర్చుకుంటానంటున్నదే! మోడల్‌ను తయారుచేసిన కంపెనీ వైపు చూసినా అంతే. ఏఐ లెక్కలు చేసే ఖరీదైన చిప్పులు, అంటే జీపీయూల ముందు ప్రపంచమంతా క్యూ కడితే ఆ క్యూను నడిపేవాళ్లు కావాలి.

మీరు కోరిన పోలికలో జీతం సంగతి ఒక్కటే గట్టిగా చెప్పగలను. పెద్ద సర్వీసు కంపెనీలు క్యాంపస్‌లో తీసుకునేటప్పుడు మొదటి ప్యాకేజీ కంపెనీని బట్టి, పరీక్షలో చూపిన ప్రతిభను బట్టి ఉంటుంది. బ్రాంచి పేరు చూసి కాదు. కోడింగ్ టెస్టు, ఆప్టిట్యూడ్ సంగతులు మీ అమ్మాయికి తెలిసే ఉంటాయి, వాటి జోలికి వెళ్లను.

ఏఐ వచ్చాక ఈ పని ఉంటుందా అన్నారు. మామూలు ఫారాలు, సాదాసీదా కోడు రాసే పని తగ్గుతుంది, తగ్గుతోంది కూడా. దాన్ని దాచి మిమ్మల్ని ఊరడించను. కానీ 2025 అక్టోబరు 20న ఏం జరిగిందో చూడండి. ఇతర కంపెనీలకు సర్వర్లు అద్దెకిచ్చే అమెజాన్ వాళ్ల వర్జీనియా సర్వర్ల ప్రాంతంలో, డైనమోడీబీ అనే డేటాబేస్ చిరునామా చెప్పాల్సిన డీఎన్ఎస్ రికార్డు ఖాళీ అయిపోయింది. ప్రపంచంలో ఎన్నో యాప్‌లు ఆగిపోయాయి. ఆ రికార్డును ఖాళీ చేసింది మనిషి కాదు, వాటిని చూసుకోవడానికి పెట్టిన ఆటోమేషనే. సరిచేయడానికి మనుషులే చేయి పెట్టాల్సి వచ్చింది. యంత్రం పని ఎంత పెరిగితే అది తప్పినప్పుడు ఎక్కడ తప్పిందో చెప్పగలిగే మనిషి విలువ అంత పెరుగుతుందని నా నమ్మకం. పైగా ఈ పునాదులు తొందరగా పాతబడవు. ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్ 1983 జనవరి 1న టీసీపీ/ఐపీకి, అంటే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నియమాలకు, మారింది. మీ అమ్మాయి కంప్యూటర్ నెట్‌వర్క్స్ పేపరులో ఇప్పుడు చదివేదీ ఆ టీసీపీ/ఐపీనే. వేర్వేరు కంప్యూటర్లలో ఏ సంఘటన ముందు, ఏది వెనక అని తేల్చడం గురించి కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ రాసిన పేపరు 1978 నాటిది, ఇప్పటికీ డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ (చాలా కంప్యూటర్లు కలిసి ఒకే పని చేసే వ్యవస్థలు) పాఠం దాన్ని వదిలేసి ముందుకు వెళ్లదు.

నైట్ డ్యూటీ గురించి. బ్యాకెండ్ వైపు రోజూ రాత్రి పని సాధారణంగా ఉండదు. 'ఆన్-కాల్' ఉంటుంది. టీములో వంతులవారీగా కొన్ని రోజులు ఫోను దగ్గర పెట్టుకోవాలి, ఏదైనా పడిపోతే అర్ధరాత్రయినా లేచి చూడాలి. చాలాసార్లు ఇంట్లోంచే. ఇది కష్టమే, కొన్ని కంపెనీల్లో మరీ పీక్కుతింటారు కూడా. కానీ ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇదే పని మీ అబ్బాయి చేస్తానంటే ఈ ప్రశ్న వేసేవారా? రాత్రిపూట ఫోను మోగితే లేవగలదో లేదో చెప్పాల్సింది ఆమె. ఆమెను అడక్కుండా అడ్వాన్సు కట్టారు, ఆమెను అడక్కుండా నన్ను అడిగారు. తోడల్లుడి గారి ముందు తల ఎత్తుకోవడానికి పిల్ల చదువును వాడకండి. ఇరవై ఏళ్ల పిల్ల తనకు ఏది ఇష్టమో ఇంత వివరంగా చెప్పడం మా దగ్గరికి వచ్చే ఇళ్లలో అరుదు. చాలామంది 'మీ ఇష్టం నాన్నా' అని ఊరుకుంటారు. అదే ఎక్కువ ప్రమాదం.

ఆమె దారిలో గులాబీలే ఉంటాయనుకోవద్దు. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ ఇష్టమన్నంత మాత్రాన ఫ్రెషర్‌కు ఆ పని చేతిలో పెట్టరు. మొదటి ఏడాది వాడకందార్ల ఫిర్యాదులు (టికెట్లు) పరిష్కరించి మూసే సపోర్టు పని రావచ్చు, ఎప్పుడో పదేళ్ల కింద రాసిన జావా కోడు చూసుకోవాల్సి రావచ్చు. అక్కడే లాగ్‌లు, అంటే సర్వరు తన పని గురించి రాసుకునే చిట్టాలు, చదవడం అలవాటు చేసుకున్నవాళ్లు ముందుకు వెళ్తారు, తిట్టుకుంటూ కూర్చున్నవాళ్లు అక్కడే ఉంటారు.

ఈ సెలవుల్లో ఆమెకు నేనిచ్చే పని ఒకటే. సొంత లాప్‌టాప్‌లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని చిన్న ఫలితాల సైటు కట్టమనండి. ఉత్తుత్తి హాల్‌టికెట్ నంబర్లు ఒక లక్ష చాలు. తర్వాత జేమీటరు అనే పరీక్షా సాఫ్ట్‌వేర్‌తో దానిమీదికి రిక్వెస్టులు గుమ్మరించి, ఎన్నింటి దగ్గర పడిపోతుందో రాసుకోమనండి. క్యాష్ పెట్టి మళ్లీ చూడాలి, రెండో సర్వరు చేర్చి ముందు లోడ్ బ్యాలెన్సర్‌గా ఎన్‌జిన్‌ఎక్స్ పెట్టి మళ్లీ చూడాలి, ఒక సర్వరును కావాలని ఆపేసి ఏమవుతుందో చూడాలి. ప్రతిసారీ ఏం మారింది, ఎందుకు మారింది అని ఒక పేజీ రాస్తే ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడవచ్చు. పాఠాలు కావాలంటే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఎల్‌లో ఉన్నాయి, అమెరికాలోని ఎంఐటీ డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ పాఠాలు కూడా ఉచితంగా చూడవచ్చు. రెండోవి కష్టం. మొదటిసారి సగం అర్థం కాకపోతే కంగారు పడొద్దని చెప్పండి. మెషీన్ లెర్నింగ్ కూడా పూర్తిగా వదిలేయనక్కర్లేదు, కాలేజీలో ఎలక్టివ్‌గా ఒక పేపరు తీసుకుంటే చాలు.

అడ్వాన్సు వెనక్కి అడగండి. బ్యాచి మొదలు కాకముందైతే కొందరు ఇస్తారు, కొంత కోసుకునైనా ఇస్తారు. ఇవ్వకపోతే డబ్బు పోయిందని ఆమెను పంపొద్దు, ఈ సెలవులు అంతకన్నా ఖరీదైనవి. ఆమె లాప్‌టాప్‌లో ర్యామ్ ఎంతుందో ఈ రోజే కనుక్కోండి. నాలుగైదు సర్వర్లు ఒకేసారి నడపాలంటే 8 జీబీ ఇబ్బంది పెడుతుంది, 16 ఉంటే మంచిది.