ఆమ్‌స్టర్‌డామ్‌లో సైకిలెక్కి బెదిరిపోయాను, మళ్లీ వెళ్లనా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. ఆదివారాలు తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, ఏడు రోడ్ల జంక్షన్ నుంచి కళింగపట్నం దాకా సైకిల్ తొక్కి రావడం ఆరేళ్లుగా అలవాటు. కిందటి జూన్‌లో ముగ్గురు స్నేహితులతో సైకిల్ యాత్రకని ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లాను. దిగిన రోజే రూము ముందు సామానుతో నిలబడితే ఒకామె బెల్లు కొట్టుకుంటూ మీదికొచ్చి అరిచింది. సైకిలెక్కాక ఇంకా ఘోరం. వెనక నుంచి వచ్చేవాళ్లు "పాసోప్, పాసోప్" అని తిట్టుకుంటూ పోయారు. కుడి ఎడమలు తారుమారయ్యాయి, రాత్రుళ్లు నిద్ర లేదు, తిండి సయించలేదు. రెండో రోజే అద్దె సైకిల్ తిరిగిచ్చేసి, మిగిలిన వారం వాళ్లు తొక్కుకుంటూ వెళ్తే నేను రైల్లో వెళ్లి కలుసుకున్నాను. ఈ జూన్‌లో మళ్లీ వెళ్తూ నన్నూ రమ్మంటున్నారు. మా ఆవిడేమో "ఒకసారి అవమానపడింది చాలదా" అంటోంది. వెళ్లమంటారా?
(పేరు వద్దు, శ్రీకాకుళం)

జవాబు: వెళ్లండి. ముందుగా ఆ అవమానం సంగతి తేల్చేద్దాం. "పాస్ ఆప్" తిట్టు కాదండీ, డచ్ భాషలో "జాగ్రత్త" అని అర్థం. మన దగ్గర పిల్లాడు రోడ్డు మీదికి పరిగెడితే "ఒరేయ్ చూసుకో" అని కేకేస్తామే, అంతే. ఏడాదిగా మీరు మోస్తున్న బరువులో సగం ఆ మాటదే అనిపిస్తోంది, దాన్ని ఇవాళే దించేయండి.

ఇక ఆ మొదటి ఆవిడ. మీరు నిలబడ్డ చోట నేల ఎర్రగా ఉందేమో గుర్తు తెచ్చుకోండి. ఎర్ర తారు వేసిన ఆ దారి ఫుట్‌పాత్ లాగే కనిపిస్తుంది కానీ అది సైకిళ్ల రోడ్డు. దాని మీద సూట్‌కేసుతో నిలబడటమంటే మన హైవే మధ్యలో నిలబడినట్టే.

మీ దారిలోనే ఆలోచిస్తాను. శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దాటేటప్పుడు మనం ఏం చేస్తాం? ఎదుటివాడి మొహం చూస్తాం, వాడు తగ్గుతాడా లేదా అని అంచనా వేస్తాం, చెయ్యి ఊపుతాం, ఒక అడుగు ముందుకేసి ఆగుతాం. అంతా కళ్లతోనూ హారన్‌తోనూ నడిచే బేరం. ఆమ్‌స్టర్‌డామ్‌లో బేరం ముందే అయిపోయి ఉంటుంది, రోడ్డు మీద గీసేసి ఉంటుంది. తెల్లటి త్రికోణాల వరుస కొనలు మీ వైపు తిరిగి ఉంటే మీరు ఆగాలి, అవతలివాడి వైపు ఉంటే వాడు ఆగుతాడు. వాడు ఆగుతాడన్న నమ్మకంతోనే ఇంకొకడు వేగం తగ్గించకుండా వస్తాడు. ఆ నమ్మకం మధ్యలో మనం మర్యాదకని ఆగి దారి ఇచ్చామనుకోండి, వెనకవాడు వచ్చి గుద్దుకుంటాడు. మన మంచితనమే అక్కడ ప్రమాదం తెచ్చిపెడుతుంది, ఇది జీర్ణించుకోవడానికి నాకూ సమయం పట్టింది.

నా సంగతి చెబుతాను. అద్దెకిచ్చే డచ్ సైకిళ్లలో చాలావాటికి పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. నేను మొదటి రోజు సిగ్నల్ దగ్గరికి నెమ్మదిగా వెళ్తూ, ఇక్కడి అలవాటు కొద్దీ పెడల్‌ని పైకి తెచ్చుకుందామని కాలు వెనక్కి తిప్పాను. చక్రం టక్కున బిగుసుకుపోయింది. వెనక వస్తున్న పెద్దాయన ముందు చక్రం నా మడ్‌గార్డుకి తగిలింది, ఆయన ముందు బుట్టలోని ఉల్లిపాయలు ఆ ఎర్ర రోడ్డంతా దొర్లాయి. ఆయన గట్టిగానే అన్నాడు. అని, సైకిల్ పక్కన పెట్టి నాతో కలిసి ఏరుకున్నాడు, ఆఖరి ఉల్లిపాయ బుట్టలో పడ్డాక పెడల్ చూపించి రెండుసార్లు తిప్పి నేర్పి వెళ్లాడు. వాళ్లు మొహం మీదే అనేస్తారు, మనసులో పెట్టుకోరు. ఈసారి అద్దెకి తీసుకునేటప్పుడు చేతి బ్రేకులున్నది అడగండి, ఏ చేతి బ్రేకు ఏ చక్రానిదో తొక్కేముందే చూసుకోండి.

ఆ కరుకుదనం వెనక ఒక చరిత్ర కూడా ఉంది. నెదర్లాండ్స్ మొదటి నుంచీ ఇలా లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కార్లు విపరీతంగా పెరిగి, 1971లో రోడ్డు ప్రమాదాల్లో 3 వేల మందికి పైగా పోయారు, వాళ్లలో 400 మందికి పైగా పిల్లలే. తల్లిదండ్రులు "పిల్లల హత్యలు ఆపండి" అంటూ రోడ్లెక్కారు. 1973లో చమురు సంక్షోభం కూడా తోడయ్యాకే ప్రభుత్వం మెల్లగా సైకిల్ దారుల వైపు తిరిగింది. అందుకే ఆ దారి మీద ఎవరైనా అడ్డంగా నిలబడితే వాళ్లకి అంత పట్టింపు.

నిద్ర గురించి రాశారు. మీరు నాలుగున్నరకి లేచే మనిషి, అది జూన్‌లో అక్కడ రాత్రి ఒంటిగంట. పైగా పది దాటితే గానీ చీకటి పడదు. పదింటికి కిటికీలో వెలుతురు, ఒంటిగంటకి మెలకువ, పొద్దున్నే ట్రామ్ పట్టాల మధ్య సైకిల్! ఎవరైనా బెదురుతారు. కాబట్టి మొదటి రెండు రోజులు నగరంలో తొక్కనే వద్దు. నడవండి, ఏ కూడలి దగ్గరైనా అరగంట కూర్చుని వాళ్లు ఎడమవైపు ఎలా తిరుగుతున్నారో, చెయ్యి ఎప్పుడు చాపుతున్నారో చూడండి. మూడో రోజు సెంట్రల్ స్టేషన్ వెనక నుంచి సైకిల్‌తో సహా ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్లిపోండి, టికెట్ లేదు. అటు కొంచెం పోతే పచ్చిక, కాలవలు, ఆవులు, బ్రూక్ ఇన్ వాటర్‌లాండ్ లాంటి చిన్న ఊళ్లు. చేయి తిరిగాక నగరంలోకి రండి. ట్రామ్ పట్టాలని మాత్రం అడ్డంగానే దాటండి, ఏటవాలుగా వెళ్తే చక్రం పట్టాలో ఇరుక్కుంటుంది. దారి చూసుకోవాలన్నా ఫోటో తీసుకోవాలన్నా ముందు ఎర్ర దారి దిగండి. తొక్కుతూ ఫోన్ పట్టుకుంటే 2019 నుంచి జరిమానా.

ఈలోగా ఇక్కడ చేయాల్సింది ఒకటుంది. మనం ఎడమన పోతాం కాబట్టి వెనక చూడాలంటే కుడి భుజం మీదుగా తిరుగుతాం. అక్కడ ఎడమ భుజం మీదుగా చూడాలి. ఏదైనా ఖాళీ మైదానంలో సున్నంతో గీత గీసుకుని, గీత తప్పకుండా ఎడమకి తిరిగి చూడటం, ఎడమ చెయ్యి చాపి ఒంటి చేత్తో పోవడం నెల రోజులు సాధన చేయండి. రోడ్డు మీద మాత్రం వద్దు.

తిండికి ఒక్క మాట. మధ్యాహ్నం వాళ్లు చల్లటి రొట్టె, చీజ్‌తో సరిపెట్టుకుంటారు, మనకి ప్రాణం లేచిరాదు. సురినామ్ వాళ్ల హోటల్ వెతకండి. దక్షిణ అమెరికాలో ఒకప్పుడు డచ్ వాళ్లు ఏలిన దేశం అది. 1873 నుంచి మన దేశం నుంచి డచ్ వాళ్లు సురినామ్‌కి తీసుకెళ్లిన కూలీల వారసులు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నారు, వాళ్ల హోటళ్లలో వేడి రోటీ, బంగాళదుంప కూర దొరుకుతాయి, పేరు కూడా "రోటీ"యే. వెంట చోడిపిండి పొట్లం పెట్టుకోండి, పొద్దున్నే అంబలి తాగితే మీరు కళింగపట్నం పోయే మనిషే అయిపోతారు.

మీ ఆవిడకి కూడా ఇది చదివి వినిపించండి, ముఖ్యంగా "పాస్ ఆప్" సంగతి.

ప్రశ్న: మా అబ్బాయి తన సైకిల్‌నే విమానంలో తీసుకెళ్తానంటున్నాడు. కుదిరే పనేనా?
(ఒక అమ్మ, విజయనగరం)

జవాబు: కుదురుతుందమ్మా. కొత్త సైకిల్ వచ్చిన అట్టపెట్టె సైకిల్ షాపులో అడిగితే ఇస్తారు. బరువు, చార్జీ ఎంతో టికెట్ కొనకముందే విమాన సంస్థని అడగమనండి. ముందు చక్రం, పెడళ్లు విప్పి, హ్యాండిల్ పక్కకి తిప్పి, టైర్లలో గాలి కొంత తీసేసి సర్దుకోవాలి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, మామూలు నట్టు విప్పినట్టు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. ఇంట్లోనే ఒకసారి విప్పి, బిగించి చూసుకోమనండి, పానా మాత్రం అదే పెట్టెలో వేసుకోవడం మరిచిపోవద్దనండి.