మొదటి బాబు 4.3 కిలోలు... రెండో కాన్పు ఎలా?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 29 ఏళ్లు. మొదటి బాబు సాధారణ కాన్పులోనే పుట్టాడు. బరువు 4.3 కిలోలు. తల బయటికి వచ్చాక భుజం ఇరుక్కుంది. ఏం జరుగుతోందో నాకెవరూ చెప్పలేదు. రక్తం బాగా పోయింది, చాలా కుట్లు పడ్డాయి. బాబు ఎడమ చెయ్యి కొన్ని నెలలు సరిగ్గా లేవలేదు, ఇప్పుడు బాగానే ఉంది. చూడటానికి వచ్చినవాళ్లు ‘ఎంత బొద్దుగా ఉన్నాడో’ అని మురిసిపోతుంటే నేను కూర్చోలేక ఏడ్చేదాన్ని. ఇప్పుడు మళ్లీ అయిదో నెల. సగం కడుపే తింటే బిడ్డ చిన్నగా ఉండి కాన్పు తేలికవుతుందని అత్తయ్య గారు, ఆపరేషన్ చేయించుకోమని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, పుట్టిన బిడ్డను తూకం వేసి సంబరపడేవాళ్లు ఆ బిడ్డను కన్న తల్లి ఎలా ఉందని అడగకపోవడం నేను ప్రసూతి వార్డులో తరచూ చూస్తాను. చూసిన ప్రతిసారీ కోపం వస్తుంది. మీ భయం అనవసరమైనది కాదు.

ఆ రోజు ఏం జరిగిందో ముందు తెలుసుకోండి. తల బయటికి వచ్చి, మళ్లీ లోపలికి లాగినట్టు చెంపలు తల్లి ఒంటికి అతుక్కుపోతాయి. భుజం పొత్తికడుపు కింది ఎముక వెనక చిక్కుకుందన్నమాట. అప్పుడు తల్లి మోకాళ్లను పొట్ట వైపు బాగా మడిచి పట్టుకుంటాం. ఒకరు ఆ ఎముకకు కాస్త పైన అరచేత్తో నొక్కుతారు. పొట్ట పైభాగాన మాత్రం నొక్కకూడదు. చేతికి వెళ్లే నరాలు సాగితే చెయ్యి లేవదు. చాలామంది పిల్లల్లో, మీ బాబులాగే, అది నెలల్లో కోలుకుంటుంది. ఒకసారి ఇలా జరిగితే మళ్లీ జరిగే అవకాశం మామూలు కంటే ఎక్కువ. కాబట్టి ఈ సంగతంతా ఇప్పుడు చూస్తున్న డాక్టరుకు చెప్పి, పాత కాగితాలు చూపించండి.

సగం కడుపు తినడం మాత్రం వద్దు. దానివల్ల మీకు రక్తహీనత, నీరసం తప్ప లాభం లేదు. బిడ్డ బరువుకు తల్లిదండ్రుల ఒడ్డూపొడుగూ, గర్భానికి ముందు తల్లి బరువు, తేదీ దాటిపోవడం, ఇలా చాలా కారణాలుంటాయి. మీ విషయంలో నేను మొదట వెతికేది షుగరు. తల్లి రక్తంలోని చక్కెర మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ చేరదు. బిడ్డే తన ఇన్సులిన్ ఎక్కువగా తయారు చేసుకుంటుంది. దాంతో కొవ్వు పొట్ట మీద, భుజాల మీద చేరుతుంది. తలకంటే భుజాలు పెద్దవయ్యేది అందుకే.

75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీసే పరీక్ష ఇంకా చేయకపోతే ఈ వారమే చేయించుకోండి. 140 లేదా అంతకు మించితే గర్భంతో వచ్చిన షుగరుగా చూస్తాం. ఇప్పుడు మామూలుగా వచ్చినా 24–28 వారాల మధ్య మళ్లీ చేయించాలి. షుగరు ఉంటే అన్నం ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా, పప్పు, కూర, పెరుగు ఎక్కువగా తినాలి. తిన్నాక నడవాలి. చాలకపోతే మందులో, ఇన్సులినో ఇస్తారు. బిడ్డ పుట్టగానే చక్కెర పడిపోకుండా మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టాలి, మడమ నుంచి చుక్క రక్తం తీసి చూడాలి.

ఆపరేషన్ గురించి ఇప్పుడే తేల్చనక్కర్లేదు. స్కానింగులో చెప్పే బరువు 10–15 శాతం అటూ ఇటూ ఉంటుంది. 4 కిలోలన్న బిడ్డ మూడున్నరతో పుట్టవచ్చు, నాలుగున్నరతోనూ పుట్టవచ్చు. షుగరున్న తల్లికి నాలుగున్నర, లేనివారికి 5 కిలోలు దాటేలా ఉంటే సాధారణంగా ఆపరేషన్ ఆలోచిస్తాం. భుజం ఇరుక్కున్న చరిత్ర ఉంది కనుక మీ విషయంలో ఆ అంకెల దాకా ఆగకుండానే దాని గురించి మాట్లాడవచ్చు. మీవారి మాటా తప్పు కాదు, కానీ చివరి నిర్ణయం మీది. ఏ పద్ధతైనా పిల్లల డాక్టరు, రక్తం సిద్ధంగా ఉండే ఆసుపత్రినే ఎంచుకోండి.

కుట్ల దగ్గర ఇంకా నొప్పి గానీ, తుమ్మితే మూత్రం జారడం గానీ, గాలి, విరేచనం ఆపుకోలేకపోవడం గానీ ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. కాన్పు ఎలా జరగాలో తేల్చేటప్పుడు అది కూడా లెక్కలోకి వస్తుంది.