తొమ్మిదో రోజున కాల్చిన సిగరెట్టు

ప్రశ్న: నా వయసు 41. రోజుకు పదిహేను సిగరెట్లు కాల్చేవాణ్ణి. పొగ మాన్పించే ఆన్‌లైన్ కోచింగ్‌లో డబ్బు కట్టి చేరాను. తొమ్మిదో రోజు సాయంత్రం స్టేషన్ దగ్గర టీ తాగుతూ ఒకటి కాల్చేశాను. సిగ్గుపడి అప్పటి నుంచి కోచ్ ఫోన్ ఎత్తడం లేదు. ఇక నా వల్ల కాదా? మా అమ్మ చుట్ట అడ్డపొగ తాగుతుంది. ఆమెనూ ఇందులో చేర్పించవచ్చా?
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: ముందుగా ఆ ఫోన్ ఎత్తండి. నికోటిన్ అందక కలిగే చిరాకు, నిద్రలేమి మొదటి రెండు మూడు రోజుల్లో ముదిరి, ఆ తర్వాత కొన్ని వారాల్లో తగ్గుతాయి కాబట్టి, అన్నిటికన్నా కష్టమైన రోజులను మీరు దాటే ఉన్నారు. కాల్చిన ఆ ఒక్కటీ కోచ్‌కు చెబితే పాఠమవుతుంది, దాచితే రేపటికి పెట్టె అవుతుంది.

ఇలాంటి కోచింగ్‌లో చేరి వీడియోలు చూసి ఊరుకుంటే ప్రయోజనం తక్కువని నా అభిప్రాయం. దాని అసలు బలం మీరు రాసి పంపే లెక్కలో ఉంది. ‘సాయంత్రం ఆరు, స్టేషన్ ఎదుట, చేతిలో టీ గ్లాసు, పక్కన పాత స్నేహితుడు’ అని రాస్తే, ఆ టీని ఇంట్లో తాగమనో, ఆ వేళకు నికోటిన్ చూయింగ్ గమ్ దగ్గర ఉంచుకోమనో కోచ్ చెప్పగలుగుతారు. ఆ గమ్‌ను కాసేపు నమిలి, నోరు చురుక్కుమన్నాక బుగ్గకు ఆనించి ఉంచాలి; నోట్లో అది ఉండగా టీ తాగకూడదు. కాల్చాలన్న తహతహ సాధారణంగా కొద్ది నిమిషాలే ఉంటుంది. మెసేజ్ పెట్టవలసింది ఆ నిమిషాల్లోనే, మర్నాడు కాదు.

అమ్మగారి సంగతి వేరు. మన ఉత్తరాంధ్ర తీరంలో ఎందరో తల్లులకు అలవాటైన అడ్డపొగలో చుట్ట నిప్పు నోటి లోపల ఉంటుంది కనుక, ఆ వేడీ పొగా నేరుగా అంగిలిని తాకి, అక్కడ తెల్లమచ్చలు, ఎర్రటి చుక్కలు, కొందరిలో క్యాన్సర్ కూడా వస్తాయి. తొలి దశలో నొప్పి ఉండకపోవచ్చు. ఆ అంగిలిని ఏ కోచింగూ చూడలేదు. అందువల్ల ముందుగా ఆమెను విజయనగరంలో దంతవైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళి నోరు చూపించండి. యాప్ నొక్కడం ఆమెకు కష్టమైతే, సిగరెట్ పెట్టెలపై అచ్చువేసే ప్రభుత్వ ఉచిత నంబరు 1800-11-2356కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, పక్కన కూర్చుని తెలుగులోనే మాట్లాడించండి.