ఇంటి కుక్కతో సినిమా తీయొచ్చా? తోడేలు వేషం కూడా దానిచేతే వేయించొచ్చా?

ప్రశ్న: విజయవాడలో పిల్లల కోసం అరగంట సినిమా తీస్తున్నాం. చనిపోయిన తాత కోసం కృష్ణ ఒడ్డున రోజూ ఎదురుచూసే కుక్క కథ. చివర్లో కొండ మీద ఒక తోడేలు కనిపించాలి. మా ఇంట్లో రెండేళ్ల లాబ్రడార్ ఉంది, సరిపోతుందా? తోడేలుకు ఎవర్ని అడగాలి?

జవాబు: తోడేలు కోసం ఎవర్నీ అడగొద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది ఒకటో షెడ్యూల్ జంతువు. ఇంట్లో పెంచడం, షూటింగ్‌కు అద్దెకు తేవడం కుదిరే పని కాదు. "మావాడి దగ్గరో తోడేలు పిల్ల ఉంది" అని ఎవరైనా అంటే అక్కడికక్కడే ఫోన్ పెట్టేయండి. ఆ వేషం కూడా కుక్కే కట్టాలి, ఎలాగో తర్వాత చెప్తాను.

కుక్క సంగతికొస్తే, మీ లాబ్రడార్ చాలు. తిండికోసం ఏమైనా చేసే జాతి అది, మనకు కావాల్సిందీ అదే. ఒకవేళ నల్లదైతే మాత్రం కెమెరా మనిషి గొణుగుతాడు. నల్ల ముఖంలో కళ్లు కనపడవు, ప్రతి షాట్‌కీ వెలుతురు ముఖం మీద పడేలా తెల్ల థర్మాకోల్ పట్టుకుని ఒకడు ఎదురుగా కూర్చోవాలి.

సెన్సారుకు వెళ్లే ఆలోచన ఉంటే భారత జంతు సంక్షేమ మండలి అనుమతి షూటింగ్‌కు ముందే తీసుకోవాలి, 2001 నాటి ప్రదర్శన జంతువుల నిబంధనల ప్రకారం. పశువైద్యుడి దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి, రేబిస్ టీకా కాగితం చేతిలో ఉండాలి. మండలి ఆఫీసు ఇప్పుడు చెన్నైలో లేదు, హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది. మనవాళ్లకు ఇదంతా ఎడిటింగ్ అయిపోయాక గుర్తొస్తుంది. అప్పటికే తీసిన షాట్‌కు ముందస్తు అనుమతి ఎవడిస్తాడు?

ఇక అసలు విషయం. కుక్కచేత నటింపజేయాలనే ఆలోచన మానుకోండి. కుక్క ముఖాన్ని ఎనిమిది సెకన్లు తీసి, దాని తర్వాత ఖాళీ పడవ చూపిస్తే జనం "అయ్యో, ఎంత దిగులుగా ఉందో" అంటారు. అదే ముఖం తర్వాత చేపల పులుసు దాక చూపిస్తే "ఆకలేస్తోంది పాపం" అంటారు. కుక్క రెండుసార్లూ చూసింది ట్రైనర్ చేతిలోని కోడి కార్జం ముక్కనే. కాబట్టి మీకు దాని నుంచి కావాల్సినవి నాలుగే: చెప్పిన చోటికి వెళ్లడం, అక్కడే ఆగడం, చెప్పిన వైపు చూడటం, తల దించడం.

చోటు నేర్పడానికి అడుగు పొడవు, అడుగు వెడల్పు, రెండంగుళాల ఎత్తున్న చెక్క తీసుకోండి. ముందుకాళ్లు రెండూ దానిమీద పడగానే క్లిక్కర్ (నొక్కితే టిక్‌మనే చిన్న పరికరం) నొక్కి ముక్క పెట్టండి. ముక్క శనగగింజంత ఉంటే చాలు. ఉప్పూకారం లేకుండా ఉడికించిన కార్జం బాగా పనిచేస్తుంది. ఉల్లిపాయ తగిలిన కూర ముక్కలు పెట్టకూడదు, అది కుక్కలకు విషం. ఒక్కో విడత ఐదు నిమిషాలు మించకుండా రోజుకు మూడు, నాలుగు విడతలు చేయించండి. చెక్క ఎక్కడం వచ్చాక దాని బదులు రబ్బరు చాప, తర్వాత పలచటి బల్లపరుపు రాయి పెట్టండి. షూటింగ్ రోజున ఆ రాయి ఘాట్ మెట్టుమీద మామూలు రాయిలా పడి ఉంటుంది, ఎవరికీ తెలియదు. మూడు వారాలు చేతిలో పెట్టుకోండి.

కుక్క ఫ్రేమ్‌లో ఒక చివర నుంచి ఇంకో చివరకు నడవాలంటే ఇద్దరు కావాలి: వదిలేవాడు ఒకడు, పిలిచేవాడు ఒకడు. అందరూ తప్పేది ఇక్కడే. ఇద్దరూ ముక్కలు పెడతారు. అలా పెడితే కుక్క సగం దారిలో ఆగి వెనక్కి తిరిగి చూస్తుంది. పిలిచేవాడి దగ్గరే తిండి ఉండాలి. వదిలేవాడి జేబులో బిస్కెట్ వాసన కూడా ఉండకూడదు.

మీ కథకు గుండెకాయ లాంటి షాట్ ఘాట్ మీద ఎదురుచూపే కాబట్టి దాన్ని విడదీసి చెప్తాను. కెమెరాను కుక్క కంటి ఎత్తుకు, అంటే నేల నుంచి అడుగున్నర ఎత్తులో పెట్టండి. నిలబడి పైనుంచి తీస్తే పెళ్లి వీడియోలో కుక్క అడ్డొచ్చినట్టుంటుంది. 85 ఎంఎం లెన్స్ అయితే ఫ్రేమ్ ఇరుకు, ట్రైనర్ దాని అంచునే నక్కి కూర్చోవచ్చు. నదివైపు చూడాలంటే ముక్క పట్టుకున్న మనిషి ఆ వైపు మెట్ల మీద ఉండాలి. చెవులు నిక్కబొడుచుకుని తల ఒరగేయడం కావాలంటే కొత్త శబ్దం కావాలి: స్టీలు మూత, పీపీ బొమ్మ, ఏదైనా సరే. రెండు, మూడు సార్లకు మించి అది పనిచేయదు, కుక్కకు అలవాటైపోతుంది. అందుకే రిహార్సల్లో ఆ శబ్దం చేయనే చేయొద్దు, కెమెరా తిరిగాకే వినపడాలి. ఆ తర్వాత తల దించి ముందుకాళ్ల మీద పెట్టుకోవడం. ముక్కను అరచేతి కింద దాచి రెండు కాళ్ల మధ్య నేలకు ఆనించి ఉంచితే గడ్డం దానంతట అదే దిగుతుంది. నడుము ఒక పక్కకు వాలి ఉండేలా చూసుకోండి. నిటారుగా పడుకుంటే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కనపడి దిగులు పోతుంది.

ఈ షాట్‌ను చంపేసేది మన ఎండ. వేడెక్కిన కుక్క నోరు తెరిచి నాలుక వేలాడేసి ఎగశ్వాస తీస్తుంది, తెరమీద అది నవ్వుతున్నట్టు ఉంటుంది. నోరు మూసుకున్న కుక్కే దిగులుగా కనిపిస్తుంది. మన దగ్గర నోరు మూయించేది చల్లటి వేళే తప్ప ట్రైనర్ కాదు. డిసెంబర్, జనవరిలో పొద్దున సూర్యుడు వచ్చాక గంటన్నర, అంతే. సాయంత్రం ఐదింటికి గాలి చల్లబడినా ఘాట్ రాళ్లు చల్లబడవు. అరచేతి వెనకవైపు రాయికి ఏడు సెకన్లు ఆనించి చూడండి, మీకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది. కుక్క మామూలు ఒంటి వేడే 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. 40.5 దాటిందంటే షూటింగ్ ఆపేయాలి. మామూలు కుళాయి నీళ్లు ఒంటిమీద పోసి ఫ్యాన్ కింద ఉంచి, వెంటనే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాలి.

ఎండ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. బెంజి సర్కిల్ అపార్ట్‌మెంట్లలో హస్కీలను, అంటే మంచు దేశాల దట్టమైన బొచ్చు కుక్కలను పెంచేవాళ్లకు ఒక దండం. తోడేలులా ఉంది కదా అని దాన్ని మే నెలలో షూటింగ్‌కు పంపేవాళ్లకు రెండు దండాలు.

యూనిట్ వాళ్లు కుక్కను చేసే పాడు ఇంతా అంతా కాదు. లైట్ బాయ్ నుంచి ప్రొడ్యూసర్ బావమరిది దాకా అందరూ "టైగర్, టైగర్" అని పిలుస్తారు, తలా ఒక గుడ్‌డే బిస్కెట్ పెడతారు. పది గంటలకు దాని కడుపు నిండిపోతుంది, పేరు వింటే చెవి కూడా కదపదు. కాల్‌షీట్ (ఆ రోజు షూటింగ్ వివరాల కాగితం) మీద రాయించండి: ట్రైనర్ తప్ప ఎవరూ పిలవకూడదు, పెట్టకూడదు, సెల్ఫీ దిగకూడదు. కన్నీళ్ల కోసం దాని కంట్లో గ్లిజరిన్ వేద్దామనే మహానుభావుడు ఎక్కడో ఒకడు దొరుకుతాడు. కుక్కలు బాధకు ఏడవవు. కంట్లో మంటపుట్టించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కిందికే వస్తుంది, సినిమా థియేటర్లో వేసినా యూట్యూబ్‌లో వేసినా.

మనవడి బుగ్గ నాకే షాట్‌కు బుగ్గమీద కాస్త నెయ్యి రాయండి. నీళ్లలో దిగే షాట్లు రోజు చివరికి పెట్టుకోండి, లాబ్రడార్ బొచ్చు ఒకసారి తడిస్తే ఆ పూట పొడి షాట్లు లేనట్టే. కథలో పేరు వేరైనా సెట్‌లో దాని ఇంటి పేరే పిలవండి. డబ్బింగ్‌లో మార్చుకోవచ్చు, కాకపోతే పెదాలు కలవాలి కాబట్టి "టైగర్" అని పిలిచినచోట "సుబ్రహ్మణ్యం" పట్టదు.

ఇప్పుడు తోడేలు. హాలీవుడ్‌లో కూడా చాలాసార్లు కుక్కలే ఆ పని చేశాయి. 1991లో వచ్చిన వైట్ ఫాంగ్‌లో ప్రధాన పాత్ర వేసిన జెడ్ తోడేలుకూ, మంచు బండ్లు లాగే మాలమ్యూట్ జాతి కుక్కకూ పుట్టిన సంకరం. అసలు తోడేళ్లతో తీసేవాళ్లు పిల్లలు కళ్లు తెరవకముందే, అంటే పుట్టిన రెండు వారాల లోపే, చేతుల్లోకి తీసుకుని పాలు పట్టి పెంచుతారు. ఆ గడువు దాటితే మనిషంటే బెదురు పోదు. అంత పెంచినా అది కుక్కలా మాట వినదు, కంచె కట్టి తీయాల్సిందే.

మీకు అంత అక్కర్లేదు. మన దేశపు తోడేలు మంచు సినిమాల్లో కనిపించే తెల్ల బొచ్చు భూతం కాదు. బక్కగా, పొడుగు కాళ్లతో, మట్టిరంగులో, సుమారు ఇరవై కిలోలు ఉంటుంది. అంటే హస్కీ కంటే, జర్మన్ షెపర్డ్ కంటే మన ఊరకుక్కే దానికి దగ్గర. చెవులు నిలబడి ఉన్న, మనుషులకు అలవాటైన, టీకాలు వేసిన మట్టిరంగు కుక్కను చూసుకోండి. పట్టిచ్చేది తోకే. ఊరకుక్క తోక మీదికి చుట్టుకుంటుంది, తోడేలుది కిందికి వేలాడుతుంది. కాబట్టి తోక ఫ్రేమ్‌లోకి రానీయకండి, లేదా ఎదురు వెలుతురులో కొండవీడు కొండ అంచున ముందువైపు నుంచి నీడలా తీయండి.

పళ్లు చూపించడానికి తిండి దగ్గర రెచ్చగొట్టొద్దు. రేపు పిల్లల చేతి మీద పడుతుంది. తాడుబొమ్మ ఇచ్చి లాగుడాట ఆడించండి. గుర్రుమంటుంది, పళ్లు బయటపడతాయి, బొమ్మ ఫ్రేమ్ బయట ఉంటుంది. ఊళ కోసం అంబులెన్స్ సైరన్ రికార్డింగ్ వినిపించి చూడండి, చాలా కుక్కలు గొంతెత్తి అందుకుంటాయి. మీది అందుకోకపోతే ముక్కను తల మీదికి ఎత్తి మెడ పైకి లేచేలా చేసి తీసుకోండి, గొంతు డబ్బింగ్‌లో వేసుకోవచ్చు.